దోన్యా రమోనా ఇంటి గోడ

మా ఆయన కారు దిగనన్నారు. డాలస్‌లో విమానం ఎక్కి, దిగి, కారు అద్దెకు తీసుకుని, కొండదారిలో గంటల తరబడి మెలికలు తిరిగి, చివరికి మేం మొదటి కాపురం పెట్టిన ఊళ్లో చర్చి ముందు ఆగితే, "మీరు చూసి రండి, నాకు మోకాళ్లు పట్టేశాయి" అన్నారు. ఆ మోకాళ్లే పొద్దున హోటల్లో లిఫ్టు కోసం ఆగే ఓపిక లేక రెండంతస్తుల మెట్లు దిగాయి. నాకు ఒళ్లు మండింది. అమెరికాలో పుట్టి పెరిగిన మా అమ్మాయి సింధు ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "ఇట్స్ ఓకే అమ్మా, నాన్న కార్‌లో కూచుంటది. మనకి ఇక్కడ ఫార్టీ ఫైవ్ మినిట్స్ ఉంది. వన్ థర్టీకి లంచ్ రిజర్వేషన్" అంది. మేం అక్కడ బతికిన మూడేళ్లకి మా అమ్మాయి కేటాయించిన సమయం నలభై అయిదు నిమిషాలు.

ఊరి పేరు రాయను. రాస్తే సింధు లాంటి వాళ్లు లిస్టులో చేర్చుకుని, చర్చి ముందు ఫొటో దిగి, లంచ్ టైముకి వెళ్లిపోతారు. న్యూ మెక్సికోలో బాగా ఉత్తరాన, కొండల మధ్య ఉంటుంది. ఈ దేశం ఇంకా దేశం కాకముందే స్పెయిన్ రాజుల పాలనలో అక్కడికొచ్చి స్థిరపడ్డవాళ్ల సంతతి వాళ్లే ఇప్పటికీ ఉంటారు. నడుమ ఖాళీ స్థలం, దాని చుట్టూ ఒకదాన్నొకటి ఆనుకుని మట్టి ఇళ్లు, ఒక మూల మట్టి చర్చి. ఊరి వెనక కొండ మీంచి తవ్వి తెచ్చుకున్న నీళ్ల కాలవ. కాలవ కింద ఆపిల్ తోటలు, పైన పొట్టి పైన్ చెట్ల అడవి, ఆ పైన ఎండాకాలం వచ్చినా కరగని మంచు. ఇలా రాస్తుంటే బాగానే ఉంది. ఇరవై మూడేళ్ల వయసులో మొదటిసారి చూసినప్పుడు మాత్రం నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

ఎందుకంటే మా పుట్టిల్లు మట్టి ఇల్లు. కనిగిరి పక్కన మా ఊళ్లో, వానలు పడేలోపు ఇంటి గోడలన్నీ మెత్తుకోవడం మా అమ్మకీ నాకూ ఏటా ఉండే పని. ఎర్రమట్టి నానబెట్టి, పేడ కలిపి, గడ్డి తుక్కు వేసి కాళ్లతో తొక్కి, అరచేత్తో పులమాలి. పులిమింది ఆరకముందే తడిగుడ్డతో నున్నగా లాగాలి. నా వేళ్ల గోళ్లలో ఎర్రమట్టి బడికి కూడా నాతోపాటే వచ్చేది, ఆడపిల్లలు చూసి నవ్వేవాళ్లు. ఒక ఏడు వాన పట్టిందంటే నాలుగు రోజులు వదల్లేదు. అందరం అన్నాలు తింటుండగా దక్షిణపు గోడ బయటికి కూలింది. లోపలికి పడుంటే ఇది రాయడానికి నేనుండేదాన్ని కాదు. ఆ తర్వాత పది రోజులు పక్కింటివాళ్ల డాబా వరండాలో గిన్నెలూ పరుపులూ పెట్టుకుని కూర్చున్నాం. వాళ్లు ఒక్క మాటా అనలేదు, కానీ అటుగా పోయేవాళ్లంతా ఆగి చూసేవాళ్లు. డాక్టర్ సంబంధం కుదిరినప్పుడు, అమెరికా అన్నప్పుడు నాకు మొదట తట్టిన ఆలోచన ఒకటే, ఇక మట్టి ముట్టుకోను అని.

మా ఆయన వీసా కాయితాలు ఒక దారికి రావాలంటే డాక్టర్లు ఎవరూ వెళ్లని చోట మూడేళ్లు పనిచేయాలన్నారు. అలా దొరికింది ఈ ఊరి క్లినిక్. ఉండటానికి దొరికింది దోన్యా రమోనా ఇంట్లో రెండు గదులు. దోన్యా అంటే పెద్దావిడని పిలిచే గౌరవం, మన 'గారు' లాంటిదే, కాకపోతే పేరుకి ముందొస్తుంది. ఇల్లు చూపిస్తూ ఆవిడ గోడని అరచేత్తో తట్టి, "రెండడుగుల మందం. చలికి వెచ్చగా, ఎండకి చల్లగా" అంది. నేను ఆ గోడని చూశాను. మట్టి. గడ్డి పరకలు కనిపిస్తున్నాయి. ఇంటికి ఉత్తరంలో 'పాతకాలపు స్పానిష్ బంగళాలో ఉంటున్నాం' అని రాశాను. అబద్ధం కాదు, కానీ మా అమ్మ ఆ బంగళాని ఊహించుకున్న తీరు తలుచుకుంటే ఇప్పటికీ నాకు మొహం చెల్లదు.

రమోనాకి అప్పటికే డెబ్భై దాటాయి. పోయిన భర్త బూట్లు వేసుకుని, ఏప్రన్ జేబుల్లో పైన్ గింజలు నింపుకుని తిరిగేది. ఒక్కో గింజా పళ్లతో పగలగొట్టి, పప్పు తీసి నా చేతిలో పెట్టేది. పొద్దున లేచి పైన్ కట్టెలతో పొయ్యి రాజేసేది, ఆ పొగ వాసన మా బట్టలకి పట్టి మూడేళ్లూ వదల్లేదు. బీన్స్ కుండ పొయ్యి మీదికెక్కితే మధ్యాహ్నం దాకా దిగేది కాదు. అంట్లు కడిగిన నీళ్లు ఒక్క చుక్క పారబోయకుండా పెరట్లో ఉన్న మూడు ఆపిల్ చెట్లకి వంతులవారీగా పోసేది, నిన్న దేనికి పోసిందో ఎన్నడూ మరిచిపోయేది కాదు. ఎండు మిరపకాయల దండలు చూరుకి వేలాడుతుంటే ఆ ఒక్క వాసన దగ్గర మాత్రం నాకు ఇంటి మీద బెంగ తగ్గేది. ఆవిడకొచ్చిన సగం ఇంగ్లీషూ నాకొచ్చిన సగం ఇంగ్లీషూ కలిపి మేమిద్దరం ఎన్ని కబుర్లు చెప్పుకున్నామో లెక్కలేదు. మా గోడ కూలిన సంగతి కూడా చెప్పాను.

ఒకరోజు నన్ను కాలవ గట్టు వెంట పైకి తీసుకెళ్లింది. గట్టు మీద ఒకరి వెనక ఒకరు నడిచేంత దారే ఉంటుంది. ఒక పక్క నీళ్లు, ఒక పక్క కింద పొలాలు. ఏ పొలం ఏ ఇంటిదో, ఏ ఇంటివాళ్లు ఏ ఇంటివాళ్లతో మాట్లాడరో చెబుతూ నడిచింది. మైలు దూరం పోయాక అడవిలో కొండచరియ కోసినట్టున్న చోట లేత గోధుమరంగు మట్టి. ఎండలో మెరుస్తోంది. వేలితో గీకి నాలుక మీద వేసుకుని చప్పరించింది. ఇసుక తగిలితే పనికిరాదట. నా నాలుక మీదా వేసింది. ఆ మెరుపు అభ్రకం అని గుర్తుపట్టి, మా వైపు గూడూరు దగ్గర దీనికి గనులే ఉన్నాయని చెబితే, "అయితే నువ్వు మా ఊరి పిల్లవే" అంది. ఇద్దరం రెండు గోతాలకెత్తి వీపున వేసుకుని దిగొచ్చాం. ఇక ముట్టుకోనన్న మట్టిని వీపున మోసుకుంటూ అమెరికాలో కొండ దిగుతున్నానని నామీద నాకే చిర్రెత్తుకొచ్చింది.

ఆ ఊళ్లో గోడలు మెత్తడం ఆడవాళ్ల పని. జూన్ వస్తే రోజుకో ఇంటి చొప్పున వంతు వేసుకుని, ఊరి ఆడవాళ్లంతా ఆ ఇంటికి చేరేవాళ్లు. మగవాళ్లు మట్టి కలిపి, బకెట్లు అందించాలి, గోడ మీద చెయ్యి వేయకూడదు. చివర్లో గొర్రెతోలు ముక్కతో, ఉన్ని వైపు తడిపి, గోడ నున్నగా రుద్దేవాళ్లు. మా అమ్మ తడిగుడ్డ చేసే పని అక్కడ గొర్రెతోలు చేసేది. నేను ఊరికే చూద్దామని వెళ్లి, ఎవరో పులుముతున్న తీరు నచ్చక పక్కకి జరగమని చెయ్యి వేశాను. అంతే, చుట్టూ ఉన్నవాళ్లు పని ఆపి చూశారు. "డాక్టర్ భార్యకి చెయ్యి ఉంది" అన్నారు. ఆ రోజంతా నన్ను వదల్లేదు. గోడ పొడుగునా నిలబడి ఇంతమంది ఆడవాళ్లు సాయంత్రం దాకా మాట్లాడుకునే మాటలు, ఆ నవ్వులు, మధ్యాహ్నం ఆ ఇంటివాళ్లు వండి పెట్టే భోజనం. నాకు సంతోషంగానూ ఉంది, సిగ్గుగానూ ఉంది. రెండూ ఒకేసారి ఉండటం ఎంత చికాకో పడినవాళ్లకే తెలుస్తుంది.

మా రెండో చలికాలంలో రమోనా మంచులో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కూతురు లూసీ వచ్చి తనుండే ఆల్బుకర్కీ తీసుకెళ్లి నాలుగు నెలలు ఉంచుకుంది. ఆ నాలుగు నెలల్లోనే ఆవిడ ఇంటి గోడలకి బయటివైపు సిమెంటు వేయించడం జరిగింది. కోళ్లగూటికి వాడే ఇనప జాలీ కొట్టి, దాని మీద సిమెంటు పూసి, తెల్లరంగు. తిరిగొచ్చిన రమోనా కర్ర మీద ఆనుకుని నిలబడి, అరచెయ్యి గోడకి ఆనించి, "గట్టిగా ఉంది" అంది. థాంక్స్ చెప్పింది. మేం పొంగిపోయాం. జూన్ వచ్చింది. ఆడవాళ్లు వంతు వేసుకున్నారు. రమోనా ఇల్లు వంతులో లేదు, మట్టి పట్టని గోడకి వాళ్లకేం పని? ఆవిడ మాత్రం కర్ర పట్టుకుని మిగతా ఇళ్లకి వెళ్లి కూర్చునేది. తన ఇంటికి ఎవరూ రాలేదు, ఎవరికీ ఆవిడ వండి పెట్టలేదు. మేం మిషిగన్ వెళ్లిపోయే రోజు తన గొర్రెతోలు ముక్క నా చేతిలో పెట్టి, "ఉంచుకో, నాకిక దీంతో పనిలేదు" అంది. జ్ఞాపకంగా ఇచ్చిందనుకున్నాను. ఆవిడ ఉన్న మాటే చెప్పిందని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉన్నన్నాళ్లూ మా ఇళ్లలో తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్కులు జరిగితే 'డాక్టర్‌గారి సిమెంటు కథ' తప్పకుండా ఉండేది. నేను బాగా చెబుతాను. పేషెంటు ఒకాయన మేస్త్రీ అయితే చాలు, మా ఆయన ఎవర్నీ అడక్కుండా ఊరి సంప్రదాయం మీద సిమెంటు పోశారని చెబితే అందరూ పడీపడీ నవ్వేవాళ్లు, ఆయనా నవ్వేవారు. గోడలు ఊపిరి పీల్చుకోవాలని, మట్టి గోడకి సిమెంటు వేస్తే తడి లోపలే ఉండిపోతుందని తర్వాతెప్పుడో ఎక్కడో చదివాను. ఆ రోజు నుంచి ఆ కథ నేను చెప్పలేదు. ఆ ఇల్లు నిలిచి ఉందా లేదా అన్నదొక్కటే లోపల మెదులుతూ ఉండేది. పోయినేడాది సింధు దగ్గరికి, డాలస్ పక్కనున్న ఫ్రిస్కోకి మారుతూ పెట్టెలు సర్దుతుంటే గొర్రెతోలు ముక్క, దాని కింద ఒక ఫొటో బయటపడ్డాయి. ఫొటోలో తెల్లని గోడ ముందు నేను, నా ఒళ్లో నెలల పిల్ల సింధు. దాన్ని చూసి సింధు ఎగిరి గంతేసింది. అదే గోడ ముందు అలాగే ఇంకో ఫొటో తీసుకుందామని టికెట్లు బుక్ చేసింది.

తీరా వచ్చాక ఆ గోడ దొరకదే! సింధు ఫోన్ మమ్మల్ని చర్చి చుట్టూ రెండుసార్లు తిప్పింది. నాకు గుర్తున్న సందులో ఇప్పుడొక ఆర్ట్ గ్యాలరీ. ఇంకో పక్క వారాంతాలకి అద్దెకిచ్చే కొత్త ఇళ్లు, అన్నీ సిమెంటువే, పైన మాత్రం మట్టిరంగు. "సో ప్రెటీ! ఎర్త్ టోన్స్ కదా అమ్మా" అంది సింధు. అప్పుడు మట్టికి సిమెంటు ముసుగు వేసి గొప్ప అనుకున్నాం, ఇప్పుడు సిమెంటుకి మట్టి ముసుగు వేసి గొప్ప అనుకుంటున్నారు. ఫ్రిస్కోలో మా కాలనీలో అయితే గోడ రంగు కొంచెం వెలిసినా అసోసియేషన్ నుంచి ఉత్తరం వస్తుంది, మనిషి మాత్రం రాడు. అక్కడికెళ్లి ఏడాది దాటినా మా ఇంటి గోడ మీద పక్కింటివాళ్ల చెయ్యి పడింది లేదు. ఇదంతా సింధుకి చెప్పబోతే, "అమ్మా, ట్వంటీ మినిట్స్ అయిపోయింది" అంది.

దారి వదిలేసి కాలవ గట్టెక్కాను. గట్టు మీంచి కిందికి చూస్తే మూడు ఆపిల్ చెట్లు కనిపించాయి. వాటి పక్కన రెండు తెల్లని గోడలు. గోడలు కావు, గోడల తొక్కలు. సిమెంటు పెంకు అలాగే నిలబడి ఉంది, చిరిగిన చోట తుప్పు పట్టిన జాలీ బయటికొచ్చింది. లోపలున్న మట్టంతా కిందికి జారి కుప్పపడి, కుప్ప మీద గడ్డి మొలిచింది. కప్పు లేదు. దిగి వెళ్లి చేత్తో తట్టాను. డొల్ల శబ్దం. ఫొటో తీయడానికి ఫోన్ ఎత్తిన సింధు దించేసింది. నేను చూస్తుండగానే, మోకాళ్లు పట్టేసిన మా ఆయన గట్టు పక్క దారిన నడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఆయనకి ఇల్లెక్కడో మొదటినుంచీ గుర్తుంది. చూడటానికే భయపడ్డారు.

పక్క ఇంటి గుమ్మం దగ్గర ఒకావిడ బకెట్ పెట్టుకుని, గోడలో పగులుకి మట్టి పెడుతోంది. తల నెరిసినా చెయ్యి కదిపే తీరు రమోనాదే. లూసీ. మమ్మల్ని ఇట్టే పోల్చుకుంది. చేతులు మట్టితో ఉన్నాయని మోచేతులతోనే నన్ను కావలించుకుంది. అమ్మ పోయి చాలా ఏళ్లయిందని, తను ఆల్బుకర్కీ వదిలి ఈ పక్కింటికి వచ్చేసిందని చెప్పింది. ఇంటి సంగతి నేనే అడిగాను.

"అమ్మ ఉన్నన్నాళ్లూ నిలిచింది. తర్వాత కింద నుంచి నానిపోయింది. సిమెంటు పైకి బాగానే ఉండేది, అందుకే లోపల ఏం జరుగుతోందో మాకు తెలియలేదు." బకెట్లో చెయ్యి తిప్పుతూ, "ఎన్నోసార్లు అనుకున్నాను, అసలా ఆలోచన ఎవరికొచ్చిందని" అంది. కోపంగా కూడా అనలేదు.

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు మా ఆయన, "నాదే. డాక్టర్నే గానీ గోడల సంగతి నాకేం తెలుసు? నన్ను క్షమించండి" అన్నారు.

లూసీ తల ఊపింది. మళ్లీ పగులు మీదికి వంగింది. సింధు టైము చూసుకుంది, సెలవు తీసుకుని వచ్చి కారెక్కాం. కారు కొండ మలుపు తిరిగింది. సింధు నవ్వుతూ, "ఫైనల్లీ! నాన్న సారీ చెప్పేసింది" అంది.

"ఎందుకలా చెప్పారు?" అన్నాను ఆయనతో.

"ఏముందిలే, వరం. ఇన్నేళ్లుగా నాదే కదా, అలవాటైపోయింది" అన్నారు కిటికీలోంచి చూస్తూ.

సిమెంటు అడిగింది నేను. ఇన్ని పాట్‌లక్కుల్లో చెప్పని ముక్క ఇదే. రమోనా ఊళ్లో లేని ఆ మార్చి నెలలో మంచు కరిగి, మా గది గోడ బయటివైపు జానెడు పెచ్చు ఊడి పడింది. సింధు కడుపులో ఉంది. ఆ చప్పుడుకి నేను కనిగిరిలో ఉన్నట్టే కేకపెట్టాను. ఈ గోడ సంగతి చూడకపోతే మా అమ్మ దగ్గరికి వెళ్లిపోతానన్నాను. "ఇల్లు ఆవిడది కదా, ఆవిడ్ని అడగాలి" అన్నారాయన. "అడిగితే వద్దంటుంది, చేశాక తనే సంతోషిస్తుంది" అన్నాను. భయం ఒక్కటే అయితే ఇన్నేళ్లు దాచేదాన్ని కాదేమో. పిల్ల పుట్టాక ఫొటోలు ఇంటికి పంపాలి, వెనక మట్టి గోడ కనపడకూడదు. అది కూడా ఉంది. ఫ్రిస్కోలో మా హాల్లో ఫ్రేము కట్టి పెట్టుకున్న ఆ తెల్లగోడ అందుకోసం వేయించిందే. నింద ఆయన మీద వేసి కథ అల్లింది కూడా నేనే. ఇప్పుడైనా చెబుదామని నోరు తెరిస్తే ఆ ఒక్క మాటా నన్ను అననివ్వలేదు ఈ మనిషి.

"సింధూ, కారు వెనక్కి తిప్పు."

"అమ్మా, రిజర్వేషన్..."

"తిప్పమన్నానా!"

లూసీ అక్కడే ఉంది. ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాను, కడుపులో పిల్ల, పెచ్చు, ఫొటో, అన్నీ. సింధు వెనకే నిలబడి విన్నది. లూసీ పని ఆపకుండా విని, "తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"నువ్వేనని అమ్మ ఎప్పుడో అంది. నాకు నమ్మకం కుదరలేదు. ఆ సిమెంటు ఊడగొట్టిద్దామని రెండుసార్లు మనుషుల్ని పిలిచాను. అమ్మ ఒప్పుకోలేదు. 'ఆ పిల్ల వాళ్ల అమ్మగారిల్లు వానకి కూలిందట. భయపడి వేయించుకుంది. మళ్లీ ఎప్పుడైనా వస్తే, తీసేయడం చూసి ఏమనుకుంటుంది' అంది."

నేను రావడానికి ఇన్నేళ్లు పట్టింది. ఆవిడ ఆ పెంకులో కూర్చుని, ఏటా జూన్ నెలలో ఎవరూ రాని గుమ్మం చూసుకుంటూ, నేనేమనుకుంటానో అని ఆలోచించింది. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆవిడ మీద, మా ఆయన మీద. తెలిసి కూడా నన్ను ఒక్క మాట అనలేదు ఇద్దరూ. ఆ రోజే గోడ మీద చెయ్యి వేసి, ఎందుకు చేశావే ఈ పని అని నిలదీసి ఉంటే నేనే సుత్తి పట్టుకుని పగలగొట్టేదాన్ని కదా! సంచిలోంచి గొర్రెతోలు ముక్క తీసి లూసీ ముందు పెట్టి, ఇదంతా గట్టిగానే అన్నాను. సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో అని ఉంటాను.

లూసీ ఆ ముక్కని తిప్పి చూసి, నీళ్లలో ముంచి పిండి, మళ్లీ నా చేతిలోనే పెట్టింది. "తిట్టుకోవడం తర్వాత. మట్టి ఎండిపోతోంది" అంది.

చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్లు ఎగదోపాను. మట్టి చల్లగా ఉంది, అభ్రకం మెరుస్తోంది. చేతులు ఏమీ మరిచిపోలేదు. వెనక సింధు ఎవరికో ఫోన్ చేసి రిజర్వేషన్ క్యాన్సిల్ చేయడం వినిపించింది. నీళ్లు తక్కువయ్యాయని లూసీ అంటే మా ఆయన బకెట్ తీసుకుని కాలవ గట్టెక్కారు, మోకాళ్ల ఊసే ఎత్తలేదు. తెచ్చి పెట్టి, తనూ ఒక చెయ్యి వేయబోతే లూసీ, నేనూ ఒకేసారి, "మగవాళ్లు గోడ ముట్టుకోకూడదు" అని కసిరాం. ఆయన బుద్ధిగా వెనక్కి తగ్గి నిలబడ్డారు. ఆ పగులు పూడేసరికి పొద్దు వాలింది. రెండు రోజుల తర్వాత ఫ్రిస్కోలో, గోళ్లలో మట్టి ఇంకా ఉందని సింధు బ్రష్ తెచ్చిస్తే, ఉండనీ అన్నాను.